రాసుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి: కోరిక పక్కదారిలో వస్తే పట్టుకోవడం ఎలా

"అక్కా, 369 మూడు నెలలు రాశాను. ఒక్కరోజు కూడా మానలేదు. ఏమీ జరగలేదు. ఎక్కడ తప్పు చేశాను?"

నాకొచ్చే మెసేజ్‌ల్లో సగం ఇదే. పొద్దున 3 సార్లు, మధ్యాహ్నం 6 సార్లు, రాత్రి 9 సార్లు కోరిక రాయడం. రీల్స్ పుణ్యమా అని ఇది తెలియనివాళ్ళు లేరు. రామకోటి రాసిన ఇళ్ళు మనవి, పుస్తకం నింపడం మనకు కష్టమూ కాదు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "ఆ మూడు నెలల్లో నువ్వు రాయనిది ఏమొచ్చింది?" దీనికి చాలామంది దగ్గర జవాబుండదు. ఏదో ఒకటి వచ్చే ఉంటుంది, కానీ ఎవరూ రాసిపెట్టుకోలేదు.

యూనివర్స్ వింటుందా, దేవుడు వింటాడా, మన మనసే వింటుందా అన్న చర్చ ఇక్కడ పెట్టను. మీ నమ్మకం మీది. ఎవరు విన్నా సరే, మనం ఊహించుకున్న బొమ్మలాగే అది రావడం అరుదు. అందుకే మనం 'రాలేదు' అనుకున్నవాటిలో కొన్ని ఎప్పుడో వచ్చి ఉంటాయి. వాటిని ఎలా గుర్తుపట్టాలి, రాకపోతే దారులు ఎలా పెంచుకోవాలి అన్నదే ఈ పద్ధతి.

కావలసినవి

- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. ఫోన్‌లో నోట్స్ వద్దు. ఫోన్ తీస్తే ముందు వాట్సాప్ తెరుస్తాం, రాయాల్సింది పది నిమిషాల తర్వాత గుర్తొస్తుంది.
- రెండు రంగుల పెన్నులు. నీలం, ఎరుపు చాలు.
- గోడకి తగిలించే తెలుగు క్యాలెండర్. పాలవాడి లెక్క రాసేదే అయినా పర్వాలేదు.
- రోజుకు పది నిమిషాలు, 90 రోజులు.
- మీకు నిజం చెప్పే మనిషి ఒకరు. అమ్మ పనికిరాదు, మీరేం చేసినా బాగుందంటుంది. మీ మీద కోపం ఉన్నవాళ్ళూ పనికిరారు.

క్రిస్టల్స్, ప్రత్యేకమైన కొవ్వొత్తులు, 4,999 రూపాయల కోర్సు అక్కర్లేదు.

1. మీరెక్కడున్నారో ముందు రాయండి

పూజలో సంకల్పం చెప్పేటప్పుడు పంతులుగారు కోరికతో మొదలుపెట్టరు, గమనించారా? ముందు శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో చెబుతారు. తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆ తర్వాత గోత్రం, పేరు. ఆయురారోగ్య ఐశ్వర్యాల వంతు అప్పుడు గానీ రాదు. రీల్స్‌లో చెప్పే మానిఫెస్టేషన్ (కోరుకుని, ఊహించుకుంటే వస్తుందనే పద్ధతి) ఈ ముందు భాగమంతా వదిలేసి నేరుగా ఐశ్వర్యం మీదకి దూకుతుంది.

మొదటి పేజీలో ఇవి రాయండి: తేదీ, ఊరు, వయసు, చేతిలో ఉన్న డబ్బు, అప్పు, రోజుకు నిజంగా ఖాళీ దొరికే గంటలు, మీకు చేతనైన పనులు. అప్పు అంకె దగ్గర చెయ్యి ఆగుతుంది. ఆగినా రాయండి. "అప్పులు కొన్ని ఉన్నాయి" అని వదిలేస్తే 90వ రోజున పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

జాగ్రత్త: "నేను ఇప్పటికే కోటీశ్వరురాలిని" అని రాయమని కొందరు చెబుతారు. మీకు ధైర్యం వస్తుందనుకుంటే వేరే పేజీలో రాసుకోండి. ఈ పేజీలో మాత్రం బ్యాంకు బ్యాలెన్స్ ఎంతుంటే అంతే.

2. కోరిక కింద ఏముందో తవ్వండి

అన్నిటికన్నా ఎక్కువ మంది వదిలేసే మెట్టు ఇది. నా పాత నోట్‌బుక్ ఇంకా ఉంది, అట్ట మీద టీ గ్లాసు మరకతో సహా. అందులో ఒక పేజీ ఇలా ఉంటుంది:

గ్రూప్-2 రావాలి.
వస్తే ఏమవుతుంది? నెలనెలా జీతం వస్తుంది.
అప్పుడేమవుతుంది? నాన్న దగ్గర చెయ్యి చాపక్కర్లేదు.
అప్పుడేమవుతుంది? పెళ్ళిళ్ళకి వెళ్తే "ఏం చేస్తున్నావమ్మా" అని అడిగినవాళ్ళకి చెప్పడానికి ఒక మాట ఉంటుంది.

గ్రూప్-2 రాలేదు. రెండుసార్లు ప్రిలిమ్స్ దాటాను, రెండుసార్లూ మెయిన్స్‌లో పోయింది. ఆ మధ్యలో ఎదురింటి అబ్బాయి బ్యాంకు పరీక్షకి లెక్కలు చెప్పమంటే చెప్పాను. వరండాలో, కరెంటు పోతే అరుగు మీద. వాడు ఇంకో ఇద్దరిని తీసుకొచ్చాడు. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో అద్దె గది, రోజుకు రెండు బ్యాచ్‌లు. నెలనెలా డబ్బులొస్తున్నాయి, నాన్నని అడగడం లేదు, పెళ్ళిళ్ళలో "లెక్కలు చెబుతాను" అంటున్నాను. కింద రాసిన మూడు లైన్లూ జరిగిపోయాయి. అయినా దాదాపు ఏడాది పాటు నా కోరిక తీరలేదనే ఏడ్చాను. పుస్తకంలో పైన రాసింది గ్రూప్-2 కదా మరి!

మీరు కూడా "అప్పుడేమవుతుంది?" అని కనీసం మూడుసార్లు అడగండి. జవాబు మళ్ళీ మళ్ళీ అదే వస్తుంటే ఆగండి. ఆఖరి లైన్ కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టండి. అది వేరేవాళ్ళ కోరిక అని తేలితే ("మావయ్య ముందు తలెత్తుకోవాలి") సిగ్గుపడక్కర్లేదు, కానీ తెలిసి ఉండాలి.

దీనికి నాకు నచ్చే ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకి మందు కావాలన్నది ఆయన పట్టుదల. మద్రాసులో వైద్యం చదివి, 1923లో హార్వర్డ్‌కి వెళ్ళి, అక్కడ స్థిరపడడం కుదరక 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. స్ప్రూ వైద్యానికి అది పనికొచ్చింది. కథ అక్కడితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే పదార్థాలు కూడా అదే చోట తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఇచ్చి చూశారు. ఆ మందుల కుటుంబానికి చెందినదే మెథోట్రెక్సేట్. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా కీళ్ళవాతం ఉంటే, వారానికోసారి వేసుకునే ఆ చిన్న మాత్ర మందుల డబ్బాలో ఉండొచ్చు, చూడండి. ఆయన వెతికింది పేగుల జబ్బుకి మందు.

3. రూపాన్ని కాస్త వదులు చేయండి

ఎర్ర గీత కొట్టిన లైన్‌ని కొత్త పేజీ పైన రాసి, కింద "ఇలా గానీ, ఇలా గానీ, ఇలా గానీ" అని కనీసం మూడు రూపాలు రాయండి. మీరు మొదట కోరింది అందులో ఒకటి.

ఉదాహరణకి అమెరికా. అక్కడి ఉద్యోగ వీసా హెచ్-1బి కోటా ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. మీరు నోట్‌బుక్‌లో ఎన్నిసార్లు రాసినా ఆ అంకె పెరగదు. కింద ఉన్న కోరిక "ఐదేళ్ళలో ఇంటి లోన్ తీరాలి" అయితే దానికి ఇంకో రెండు దారులు తప్పకుండా ఉంటాయి. "అన్నయ్య ఉన్న ఊళ్ళోనే ఉండాలి" అయితే దారులు వేరు. అందుకే రెండో మెట్టు దాటకుండా ఇక్కడికి రావద్దు.

మా పిన్ని కొడుకు చిలుకూరు బాలాజీ దగ్గర 11 ప్రదక్షిణలు చేసి అమెరికా వీసా అడిగాడు. వచ్చింది జర్మనీ. కోరిక తీరితే 108 చేయాలి కదా, ఇప్పుడు చేయాలా వద్దా అని ఇంట్లో వారం రోజులు చర్చ. వాడు "నేను అడిగింది ఇది కాదుగా" అంటాడు. చివరికి పిన్నే కార్డు పట్టుకుని, ఒక్కో అంకె కొట్టేసుకుంటూ, మోకాళ్ళు నొప్పులంటూనే 108 తిరిగేసింది. ఆవిడ అడిగింది "వీడికి ఒక దారి" అట. అమెరికా అని ఆవిడ అననే లేదట.

రూపాల కింద ఇంకో చిన్న జాబితా రాయండి: ఒప్పుకోనివి. "అప్పు చేసి పెట్టుబడి పెట్టను", "పాపని వదిలి వేరే ఊళ్ళో ఉండను", అలా మూడో నాలుగో. దారులు తెరిచిపెట్టాక ఇది లేకపోతే, వచ్చిన ప్రతిదాన్నీ 'ఇదే నా కోరికేమో' అనుకుని నెత్తికెత్తుకుంటాం.

4. అడ్డం ఏమిటో రాసి, దానికో 'అయితే' కట్టండి

ఊహించుకుంటే చాలు అనేవాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియెల్ ఎట్టింగెన్ జర్మనీలో చదువు పూర్తయిన కుర్రాళ్ళ మీద చేసిన పరిశోధన 2002లో వచ్చింది. ఉద్యోగం వచ్చేసినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్ళు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్ళకి తక్కువ ఆఫర్లు వచ్చాయి, రెండేళ్ళ తర్వాత చూస్తే జీతం కూడా తక్కువే. ఊహలోనే కడుపు నిండిపోతే లేచి వండుకోం కదా.

అందుకని కోరిక ఎదురుగా మీ లోపల ఉన్న అడ్డం రాయండి. బయటిది కాదు. "మార్కెట్ బాలేదు" కొట్టేయండి. "ఫోన్ చేయాలంటే భయం" రాయండి. తర్వాత దానికి ఒక ముడి వేయండి:

"ఫోన్ చేయడానికి భయమేస్తే, ముందు రెండు లైన్ల మెసేజ్ పెడతాను."
"రాత్రి తొమ్మిదికి రీల్స్ మొదలైతే, ఛార్జర్ వంటింట్లో పెట్టేస్తాను."

ఒక అడ్డానికి ఒక ముడి చాలు. పది రాస్తే ఒక్కటీ గుర్తుండదు.

5. దూరపువాళ్ళకి చెప్పండి

అనుకోని దారి అనేది చాలాసార్లు అనుకోని మనిషే. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1973లో ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ చెప్పుకుంటారు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికిన వాళ్ళని అడిగితే, ఆ మాట చెప్పిన మనిషిని తరచూ కలుస్తామన్నది దాదాపు ఆరుగురిలో ఒకరే. మిగతావాళ్ళకి చెప్పింది ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళు. మీ దగ్గరి స్నేహితులకి తెలిసింది మీకూ తెలుసు. పాత ఆఫీసులో పక్క సీటాయనకి తెలిసింది మీకు తెలియదు.

వారానికి ఇద్దరికి, ఇలా సూటిగా: "నమస్తే అండి, బాగున్నారా? నేను టాలీ, జీఎస్టీ రిటర్న్స్ పని చేస్తాను. సాయంత్రం ఐదు తర్వాత ఖాళీ. మీకు తెలిసిన షాపులవాళ్ళెవరికైనా అవసరమైతే నా నంబర్ ఇవ్వండి." అంతే. మీ కష్టాలన్నీ చెప్పక్కర్లేదు.

"చెబితే దిష్టి తగులుతుంది కదా అక్కా" అంటారా? అయితే కోరిక చెప్పకండి, మీకు చేతనైన పని చెప్పండి. దానికి దిష్టి తగలదు.

6. కుడి పేజీ: అడగనివి రాయండి

నోట్‌బుక్ తెరిస్తే ఎడమ పేజీ, కుడి పేజీ ఉంటాయి కదా. ఎడమ పక్క కోరిక కోసం ఈరోజు చేసిన పని, నీలం పెన్నుతో. కుడి పక్క ఈరోజు మీరు అడగకుండా వచ్చినవి, ఎర్ర పెన్నుతో. ఒక పలకరింపు, ఒక ప్రశ్న, ఒక చిన్న పని, ఒక పరిచయం. 369 రాసే అలవాటుంటే మానక్కర్లేదు, రాత్రి రాసే 9 అయ్యాక కుడి పేజీ నింపండి.

ఏది రాయాలి, ఏది వద్దు? మొదటి వారం అందరూ తికమకపడేది ఇక్కడే. ఒక పేజీ చూపిస్తాను. ఇంట్లోంచి బ్లౌజులు కుట్టే ఒకామె సొంత షాపు కావాలని రాసుకుంది. ఆమె కుడి పేజీలో మొదటి వారం:

సోమ: ఏమీ లేదు.
మంగళ: 11:11 కనిపించింది. సీతాకోకచిలుక వచ్చింది.
బుధ: పాప స్కూల్ టీచర్ "యూనిఫాం సైజు మీరే సరిచేశారా, బాగుంది" అంది.
గురు: ఏమీ లేదు.
శుక్ర: ఇంకో తల్లి తన బాబు ప్యాంటు పొడవు తగ్గించమని పంపింది.

మంగళవారం లైన్ కొట్టేయమన్నాను. 11:11 కనిపిస్తే మంచి సంకేతమని రీల్స్‌లో చెబుతారు. ఒక అంకె మీద మనసు పెడితే అదే కనబడుతుంది. కొత్త స్కూటీ కొన్నాక రోడ్డంతా అదే రంగు స్కూటీలు కనిపించినట్టు. బుధ, శుక్రవారాలు పక్కపక్కన పెట్టి చూడమన్నాను. ఆమెకి అందులో ఏమీ కనబడలేదు, "అవి బ్లౌజులు కాదుగా" అంది. నెలాఖరుకి అలాంటి లైన్లు ఏడు అయ్యాయి. అప్పుడు వెళ్ళి స్కూల్‌లో అడిగింది. జూన్‌లో యూనిఫాంలు సరిచేసే పని ఆమెకే ఇచ్చారు. షాపు ఇంకా లేదు. కానీ రెండో మెషిన్ కొంది, దాని వాయిదా ఆ పనిలోంచే కడుతోంది.

కాబట్టి లెక్క ఇది: అవతల ఒక మనిషి ఉండి, ఆ మనిషి ఏదైనా చేసి ఉంటే రాయండి. అంకెలు, పక్షులు, కలలు వద్దు. "ఏమీ లేదు" అన్న రోజులు కూడా అలాగే రాయండి, కల్పించొద్దు.

7. వచ్చినదాన్ని తూచండి

ఈ మెట్టు మాత్రం దయచేసి దాటవద్దు. 'అనుకోని దారిలో వస్తుంది' అన్న మాటని అందరికన్నా బాగా వాడుకునేది మోసగాళ్ళు. వీడియోలకి లైక్ కొడితే డబ్బులంటూ టెలిగ్రామ్ మెసేజ్ వస్తుంది, మొదటిరోజు నిజంగానే 150 రూపాయలు వేస్తారు, మూడోరోజు డిపాజిట్ అడుగుతారు. "నేను అబండెన్స్ (సమృద్ధి) రాస్తున్నాను, అందుకే వచ్చింది" అనుకుని పంపినవాళ్ళు నాకు తెలుసు.

వచ్చిన అవకాశాన్ని నాలుగు ప్రశ్నలు అడగండి:

- ముందు నా దగ్గర డబ్బు గానీ, ఓటీపీ గానీ అడుగుతోందా? అడిగితే అక్కడితో సరి. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.
- "ఈరోజే చెప్పాలి" అంటోందా? ఒకరోజు గడువు అడగండి. నిజమైన పని రేపటికీ ఉంటుంది.
- ఎర్ర గీత కొట్టిన లైన్‌కి ఇది దగ్గర చేస్తుందా?
- ఒప్పుకోని జాబితాలో ఉందా?

అన్నీ దాటితే ఆ 'నిజం చెప్పే మనిషి'కి చూపించండి. ఆ తర్వాత చిన్నగా మొదలుపెట్టండి: రెండు వారాలు, లేదా ఒక ఆర్డర్, లేదా ఒక బ్యాచ్. ఉన్న ఉద్యోగం మానేసి దూకొద్దు.

8. 30, 60, 90 రోజుల్లో చూసుకోండి

క్యాలెండర్ మీద ఈ మూడు తేదీలకి ముందే గుండ్రంగా చుట్టండి.

30వ రోజు: ఎడమ పేజీలు లెక్కపెట్టండి. ఇరవై కన్నా తక్కువ రోజులు పని రాసి ఉంటే కోరికని ఏమీ అనొద్దు, నాలుగో మెట్టుకి వెళ్ళి ముడి మార్చండి.

60వ రోజు: కుడి పేజీలో రెండుసార్లకన్నా ఎక్కువ వచ్చిన మనిషి, చోటు, పని ఏదైనా ఉందా? దాని చుట్టూ గీత గీసి, ఈ వారమే వెళ్ళి అడగండి. ఏమీ లేకపోతే మీరు ఐదో మెట్టు చేయలేదన్నమాట, తొంభై శాతం అంతే.

90వ రోజు: మొదటి పేజీ తెరిచి ప్రతి అంకె పక్కన ఇవాళ్టి అంకె రాయండి. డబ్బు, అప్పు, గంటలు, చేతనైన పనులు. తర్వాత ఎర్ర గీత లైన్ చదివి అవును, కొంత, లేదు అన్న మూడింటిలో ఒకటి రాయండి. పైన రాసిన కోరికని కాదు, గీత కొట్టిన లైన్‌నే చూడాలి. నోట్‌బుక్ ఆ మనిషికిచ్చి వాళ్ళని కూడా రాయమనండి. మీది 'లేదు', వాళ్ళది 'కొంత' అయితే ఎందుకో అడగండి. నాకు ట్యూషన్ గురించి అలా చెప్పింది మా వదిన.

తరచూ జరిగే తప్పులు

వారానికో కోరిక మార్చడం. 90 రోజులకి ఒక్కటే.

మనిషిని కోరుకోవడం. "అతను నాకు మెసేజ్ చేయాలి" అని రాస్తే ఈ పద్ధతి పనిచేయదు, ఏ పద్ధతీ పనిచేయకూడదు. అవతలివాళ్ళకీ ఒక నోట్‌బుక్ ఉంటుంది.

జబ్బుని దీంతో తగ్గించుకోవాలని చూడటం. షుగర్ మాత్ర, బీపీ మాత్ర, డాక్టర్ ఇచ్చిన ఏ మందూ ఆపొద్దు. కోరిక రాయాలంటే "రోజూ అరగంట నడవాలి" అని రాయండి.

రాకపోతే "నా నెగటివ్ ఆలోచన వల్లే" అని తిట్టుకోవడం. ఈ టెన్షన్ ఎక్కించినవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. కోరిక మధ్యలో ఒకరోజు భయమేసినంత మాత్రాన ఏదీ చెడిపోదు. పోస్టులు తక్కువ, రాసేవాళ్ళు లక్షల్లో అయితే రాకపోవడానికి అదే చాలు. తిట్టుకోవడం రెండు వారాలు దాటి నిద్ర, తిండి కూడా పోతుంటే నోట్‌బుక్ మూసి డాక్టర్‌ని కలవండి. లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు.

దొరికినదానితో సర్దుకుపోవడమే కదా ఇది అని కొందరు అడుగుతారు. రెండిటికీ తేడా పట్టుకోవడం తేలికే. ఎర్ర గీత లైన్‌ని గట్టిగా చదివి, చేతిలో ఉన్న పనిని చూడండి. ఆ లైన్ తీరలేదనిపిస్తే సర్దుకుపోతున్నారు, రెండో రూపం మీద మళ్ళీ పని మొదలుపెట్టండి. నాకు ఇప్పటికీ గ్రూప్-2 నోటిఫికేషన్ వస్తే ఒక నిమిషం చెయ్యి ఆగుతుంది. మొన్న కూడా వచ్చింది. ఫారం తెరిచి, వయసు గడి దాకా నింపి, సాయంత్రం బ్యాచ్‌కి టైమైందని మూసేశాను.